నాలుగు వందల పన్నెండు మందికి ఒక్క నోటీసు

ఏనుగులమెట్ట పురపాలక సంఘం ప్రజలకు తెలియజేయకుండా ఇంతవరకు ఒక్క పనీ చేయలేదు. ఆ మాట ఏటేటా వాళ్ళ వార్షిక నివేదిక మొదటి పేజీలోనే ఉంటుంది. ప్రజలకు మాత్రం ఇంతవరకు ఒక్క సంగతీ తెలియలేదు. ఆ మాట ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. ఈ రెండూ పొసగవని అనుకునేవాళ్ళకు పరిపాలనలో ఓనమాలు రావన్నమాట. తెలియజేయడం ఆఫీసు బాధ్యత, తెలుసుకోవడం ప్రజల బాధ్యత. ఆఫీసు తన బాధ్యతను ఎన్నడూ మరవలేదు.

ఆ బాధ్యతను ఇరవై ఆరేళ్ళుగా గంజి బకెట్టులో వేసుకుని మోస్తున్నవాడు అటెండరు బత్తుల ఏసోబు. కుళాయి కట్ చేసే నోటీసైనా, ప్రహరీ కూలగొట్టే నోటీసైనా, వీధికుక్కల నోటీసైనా అంటించేది అతనే. గంజి అతని భార్య మార్తమ్మ కాచేది. మైదాపిండిని సన్న సెగమీద ఉండకట్టకుండా కలిపి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసేది. ఆ గంజితో అంటించిన కాయితం రెండు వానాకాలాలు చూసేది. గోడ పడిపోయినా ఇటుకలను వదలకుండా పట్టుకుని ఉండేది. ఏసోబు ఏ వీధిలో పోతున్నా తన పాత నోటీసులను చూసుకుని మురిసిపోయేవాడు. వాటిల్లో ఏముందో అతనికి పట్టేది కాదు. చదవడం తన పని కాదు.

ఇలా సాగిపోతున్న రోజుల్లో ఏనుగులమెట్టకు పరాంకుశం గారు కమిషనర్‌గా వచ్చారు. ఆయనకు ఒకే ఒక్క పిచ్చి, కాగితం ఆదా. రాష్ట్రంలో ఏ ఆఫీసు తక్కువ కాగితం వాడితే దానికి 'హరిత కార్యాలయం' అవార్డు ఇస్తారని ఎక్కడో సభలో విన్నారు. వచ్చిన వారంలోనే 'కాగితం ఆదా, చెట్టుకు ప్రాణదానం' అని ఆరు పెద్ద ప్లాస్టిక్ ఫ్లెక్సీలు కట్టించారు. ఒకటి కట్టడానికి అడ్డమొస్తోందని ఆఫీసు ముందున్న వేపచెట్టు కొమ్మలు నాలుగు కొట్టించారు.

ఆ నెలలోనే టౌన్ ప్లానింగ్ ఆఫీసర్ హేమలత గారు ఒక ఫైలు పట్టుకుని కమిషనర్ గదిలోకి వెళ్ళారు. ఏసోబు మంచినీళ్ళ గ్లాసులు పెడుతూ అక్కడే ఉన్నాడు.

"సార్, ఊరి పడమటి పక్క నాలుగు వందల పన్నెండు కమతాల జోన్ మార్చాలని ప్రతిపాదన. ఒక్కో భూమిలో నోటీసు అంటించి, మ్యాప్ గుర్తుతో ఫోటో తీసి అప్‌లోడ్ చేయాలి. సదరు నోటీసు పదిహేను రోజులు ప్రదర్శనలో ఉండాలి. అభ్యంతరాలు స్వీకరించాలి. నాలుగు వందల పన్నెండు ప్రతులకు తమరి అనుమతి కావాలి."

పరాంకుశం గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"నాలుగు వందల పన్నెండా? ఎన్ని కొమ్మలు హేమలత గారూ, ఎన్ని ఆకులు! అంటించిన నోటీసును పీకకూడదని నిబంధనల్లో ఎక్కడైనా ఉందా?"

హేమలత గారు పుస్తకం తిరగేశారు. "ప్రత్యేకంగా లేదు సార్."

"అయితే ఒక్క ప్రతి చాలు. అంటించడం, ఫోటో తీయడం, పీకడం. పక్క భూమికి వెళ్ళి మళ్ళీ అంటించడం. నోటీసు స్థిరంగా ఉండాలన్నది పాతకాలపు భావన. ఇకపై నోటీసు సంచారం చేస్తుంది."

"మరి పదిహేను రోజుల ప్రదర్శన సార్?"

"ఎక్కడో ఒకచోట ప్రదర్శనలోనే ఉంటుంది కదా. ఏ గోడ మీద అన్నది అప్రస్తుతం." ఆయన ఏసోబు వైపు తిరిగారు. "ఏసోబూ, గంజి మార్చాలి. కాగితం అంటుకోవాలి, కానీ అంటుకుపోకూడదు."

ఆ సాయంత్రం ఏసోబు బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపుకు వెళ్ళి ఆ ఒక్క నోటీసూ తెచ్చాడు. దాని మీద తేదీ మర్నాటిది. 'నోటీసు అందినది' అని డిస్పాచి రిజిస్టరులో సంతకం చేయమంటే చేశాడు. ఇరవై ఆరేళ్ళలో అతను చేసిన సంతకాలన్నీ అలాంటివే. ఎవరో వేలితో చూపించిన చోట పెట్టినవి.

ఇంటికెళ్ళి గంజి పల్చగా కాయమంటే మార్తమ్మ ఎగాదిగా చూసింది.

"ఊడొచ్చే గంజి నేనెందుకు కాస్తానయ్యా? పిల్లలు పుస్తకాలకు అట్టలేసుకున్నా ఇంతకంటే గట్టిగా అంటిద్ది."

"ఆఫీసోళ్ళు అట్టా కావాలన్నారే. రెండు మూలలకే పూయాలంట."

నోటీసు ముడతలు పడకుండా ఏసోబు దాన్ని వసారా గోడకు అంటించాడు. మార్తమ్మ ఆదివారాలు బైబిలు చదివే మనిషి, అక్షరం కనిపిస్తే ఊరుకోదు. దీపం పెట్టే వేళకు ఆ కాయితం ముందు నిలబడి కూడబలుక్కుని చదివింది. 'ఇందుమూలముగా సంబంధిత భూయజమానులకు విశదపరచునది ఏమనగా, అనుబంధం మూడులో చూపిన భూములను అనుబంధం నాలుగులో చూపిన జోన్ నుండి అనుబంధం అయిదులో చూపిన జోన్‌కు మార్చుటకు ప్రతిపాదించడమైనది. అభ్యంతరములు గలవారు ఈ నోటీసు అసలు ప్రతిని జతపరచి పదిహేను రోజులలోగా తెలుపుకొనవలెను.'

"ఈ అనుబంధాలు యాడున్నయి?"

"ఆఫీసులో ఉంటయి."

"అందులో మన చేను గానీ ఉందా ఏంది?"

ఏసోబు నవ్వాడు. వాగు పక్కనున్న ఆ అరవై సెంట్లూ మార్తమ్మకు తల్లి నుంచి వచ్చాయి. గోంగూర, చుక్కకూర, మెంతికూర వేసి, తెల్లారేసరికి కట్టలు కట్టి రైతుబజారుకు పట్టుకెళ్ళేది. ఆ కూరల మీదే ఇద్దరాడపిల్లలూ నర్సింగు చదివారు. ఆ చేనును ఏసోబు పేరున రాయించింది కూడా మార్తమ్మే. గవర్నమెంటు ఉద్యోగి పేరున ఉంటే ఎవడూ వేలుపెట్టడని ఆమె నమ్మకం.

"నేనుండగా మన చేనుకేమైద్దే?" అన్నాడు.

మర్నాటి నుంచి నోటీసు సంచారం మొదలైంది. అతనికిచ్చిన కమతాల జాబితాలో పేర్లు లేవు, సర్వే నంబర్లూ లేవు. ఈ మధ్య కొత్తగా కొలిచి కమతాలకు కొత్త నంబర్లు ఇచ్చారు, అవి ఎవరివో ఇచ్చినవాళ్ళకు కూడా గుర్తులేదు. ఆఫీసు ఫోనులో మ్యాపు మీద ఒక ఎర్రచుక్క కనిపిస్తుంది. ఆ చుక్క దగ్గరికి వెళ్ళి, మోటారు షెడ్డో కంచె రాయో చూసి అంటించాలి. ఫోటో తీసి, 'సక్రమంగా అందజేశాను' అన్న చోట వేలితో సంతకం గీకాలి. మూడు నిమిషాలు ఆగి పీకాలి. అప్పుడు తరువాతి చుక్క వెలుగుతుంది.

రోజుకు ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో అయ్యేవి. మూడో రోజుకు నోటీసుకు కుడి మూల చిరిగింది. నాలుగో రోజు ఎవరి మేకో అంచు కొరికింది. ఆ మేక కొరుకుడు అక్కణ్ణించి ప్రతి ఫోటోలోనూ కనిపిస్తుంది. మూడు వందల చిల్లర భూముల్లో మూడు వందల చిల్లర మేకలు సరిగ్గా ఒకేచోట కొరికాయని అనుకోవడానికి ఆఫీసులో ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

అయిదో రోజు చెంచిరెడ్డి అనే పెద్దాయన మిరపచేలో కలుపు తీయిస్తూ చూశాడు.

"ఏందయ్యా ఏసోబూ, మా మోటారు షెడ్డుకు ఏందో అంటిస్తన్నావు?"

"నోటీసు రెడ్డిగారూ."

"ఉండు, కళ్ళజోడు ఇంటికాడుంది. మనిషిని పంపిస్తా."

"అందాక ఆగదు రెడ్డిగారూ. మూడు నిమిషాలే." ఏసోబు అప్పటికే మూలన గోరు పెట్టాడు.

"అదేందయ్యా, అంటించేదీ నువ్వే, పీకేదీ నువ్వేనా? మరి నేను చదివేదెప్పుడు?"

ఆ ప్రశ్న ఏసోబును ఇరవై ఆరేళ్ళలో ఎవరూ అడగలేదు. కాయితం పీకి, సైకిలెక్కాడు. చెంచిరెడ్డి ఊరుకునే మనిషి కాదు. చేలో కూలికొచ్చిన ఒకామె దగ్గర ఫోను తీసుకుని ఏసోబు వెంటపడి, గట్టు మీద ఆపి, నోటీసుకు ఫోటో తీసుకున్నాడు. మర్నాడు ఆ ఫోటో పట్టుకుని ఆఫీసుకొచ్చాడు.

హేమలత గారు ఫోను అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది ఛాయాచిత్రం. అభ్యంతరానికి నోటీసు అసలు ప్రతి జతపరచాలి. ఛాయాచిత్రాన్ని నోటీసుగా పరిగణించలేం."

"నాకు నోటీసు ఇచ్చినారనేదానికి మీకాడున్నది కూడా ఫోటోనే గదమ్మా?"

"అది ఆఫీసు తీసిన ఫోటో."

"మరి అసలు కాయితం యాడుంది?"

"ప్రస్తుతం నూట నలభై మూడో కమతంలో ప్రదర్శనలో ఉంది," అన్నారు హేమలత గారు తెరమీద చూసి. "వెళ్ళి చూసుకోవచ్చు. అయితే మీరు వెళ్ళేసరికి నూట నలభై నాలుగులో ఉండవచ్చు."

చెంచిరెడ్డి రెండు రోజులు ఆ నోటీసు వెంట తిరిగాడు. ఒకసారి చేతికందేంత దగ్గరికి వచ్చాడు కూడా. కాయితం ఇమ్మని బతిమాలాడు, తిట్టాడు. ఇస్తే తన ఉద్యోగం పోతుందని ఏసోబు చేతులు జోడించాడు. పెద్దాయన ఆయాసంతో కాలవ గట్టుమీద కూలబడి, "పోవయ్యా పో. నీదాకా వచ్చినప్పుడు తెలుసుద్దిలే" అన్నాడు.

వచ్చింది. తొమ్మిదో రోజు సాయంత్రం ఎర్రచుక్క వెనకే నడుస్తూ వాగు దాటి, కాలిబాట పట్టి, అలవాటు చొప్పున కంచె తలుపు తీసుకుని లోపలికి అడుగుపెట్టాక గానీ ఏసోబుకు తెలియలేదు, తాను తన చేలోనే ఉన్నానని. చుక్క గోంగూర మడి మధ్యలో వెలుగుతోంది. రెండు వందల నలభై ఏడో కమతం.

ఫోను దులిపి చూశాడు, అటు నాలుగడుగులు వేసి ఇటు నాలుగడుగులు వేసి చూశాడు. చుక్క కదల్లేదు. అంటించకపోతే తరువాతి చుక్క వెలగదు. మోటారు షెడ్డు తలుపుకు నోటీసు అంటించాడు. మొదటి ఫోటో మసకగా వచ్చింది, ఫోను ఒప్పుకోలేదు. మళ్ళీ తీశాడు. సక్రమంగా అందజేశాను అని గీకాడు. అప్పుడు జీవితంలో మొదటిసారి తాను అంటించిన నోటీసును తానే మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

సైకిలు తొక్కుకుంటూ ఆఫీసుకు పోయేసరికి హేమలత గారు బ్యాగు సర్దుకుంటున్నారు.

"మేడం, ఆ అనుబంధం అయిదు ఏందో చెప్పండి మేడం. అందులో మా చేనుంది."

ఆవిడ విసుగ్గానే అయినా చెప్పారు. "ఊపిరి జోన్. పట్టణ ప్రజల శ్వాసావసరాల నిమిత్తం ప్రతిపాదించిన బహిరంగ హరిత ప్రాంతం. నిర్మాణాలు నిషేధం. అమ్మకాలు నిషేధం. సాగు కూడా నిషేధం."

"సాగు హరితం కాదా మేడం? గోంగూర పచ్చగానే ఉండిద్దిగా?"

"కోసేస్తారు కదా. ఊపిరి జోన్‌లో పచ్చదనం శాశ్వతంగా ఉండాలి. గడ్డి వేస్తాం."

ఏసోబుకు అప్పుడు గుర్తొచ్చింది. వాగు అవతల రెండు నెలలుగా ఒక పెద్ద హోర్డింగు ఉంది. 'ఊపిరి జోన్‌కు ఎదురుగా విల్లాలు. మీ కిటికీ తెరిస్తే పచ్చదనం.' అదేదో కొత్త రకం ఏసీ అనుకున్నాడు. భూమి ఉన్నవాళ్ళకు తెలియని సంగతి రెండు నెలల ముందే ఆ హోర్డింగుకు తెలుసు.

"నేను అభ్యంతరం రాసిస్తా మేడం. నోటీసు నా చేతిలోనే ఉంది."

హేమలత గారు బ్యాగు కింద పెట్టేశారు. "అది ఆఫీసు ఆస్తి. విధి నిర్వహణ నిమిత్తం నీకు అప్పగించింది. అటెండరు వేరు, భూయజమాని వేరు. అటెండరు చేతిలో ఉన్న కాగితాన్ని భూయజమాని ఎలా వాడుకుంటాడు? ఇంకా నూట అరవై అయిదు కమతాలు మిగిలాయి. మధ్యలో ఆపావో, సస్పెన్షన్."

"పూర్తయినాక?"

ఆవిడ కాస్త ఆలోచించారు. "పూర్తయ్యాక, గడువులోగా అయితే, చూద్దాం."

ఆ రాత్రి మార్తమ్మకు చెప్పాడు. ఆమె రోజూలాగే వసారా గోడకు చేరిన నోటీసు వైపు చూసి, "తొమ్మిది రోజుల నుంచి దీనికి దీపం పెడతన్నా గదయ్యా" అంది. తరువాత లేచి గంజి కాచింది. ఎక్కువ కాచింది. "తొందరగా అంటించు. మన కాయితం మనం ముందు తెచ్చుకోవాల" అంది.

ఆరు రోజులు ఏసోబు మనిషిలా లేడు. తెల్లవారకముందే సైకిలెక్కేవాడు, అన్నం గట్లమీదే తినేవాడు. కళ్ళజోడు తెచ్చుకుంటామన్నవాళ్ళను చూస్తే ఇదివరకు జాలిపడేవాడు, ఇప్పుడు మండిపడుతున్నాడు. ఒక ముసలామె తన కంచెకు అంటించిన కాయితం మీద చెయ్యి పెట్టి, "మా బుడ్డోడు చదువుతాడు, సాయంత్రందాకా ఉంచయ్యా" అంటే ఆ చేతిని తీసేసి మరీ పీకాడు. తన భూమిని కాపాడుకోవడం కోసం నూట అరవై అయిదు మందికి వాళ్ళ భూమి సంగతి తెలియకుండా చేశాడు. ఆ మాట అతనికీ తెలుసు. తెలిసే తొక్కాడు. నూట అరవై నాలుగో గోడ దగ్గర ఒక్కసారి సిగ్గుతో కళ్ళు మూసుకుని, కళ్ళు తెరిచి చివరి చుక్క వైపు పోయాడు.

పదిహేనో రోజు మధ్యాహ్నం మూడున్నరకు నాలుగు వందల పన్నెండో ఫోటో ఎక్కింది. నాలుగింటికి ఏసోబు ఉతికిన చొక్కా వేసుకుని, అభ్యంతర పత్రానికి మేక కొరికిన నోటీసును గుచ్చి, కమిషనర్ గది ముందు నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళలో ఆ గదిలోకి గ్లాసులు లేకుండా వెళ్ళడం అదే మొదలు. గడువు సాయంత్రం అయిదింటిదాకా ఉంది.

పరాంకుశం గారు పత్రం చూసి కనుబొమలు ఎగరేశారు. అప్పటికి వచ్చిన అభ్యంతరాల సంఖ్య సున్న. ఆ సున్నను ఆయన అవార్డు దరఖాస్తులో అప్పటికే నింపేశారు.

"నీకు నోటీసు సరిగా అందలేదంటావా ఏసోబూ?"

"సరిగా అంటే... ఎవరికీ సరిగా అందలేదు సార్."

"నాలుగు వందల పన్నెండు ఫోటోల కింద 'సక్రమంగా అందజేశాను' అని సంతకం చేసిందెవరు?"

ఏసోబు తల వంచుకున్నాడు. "నేనే సార్. అందింది సార్. తొమ్మిదో రోజు మా చేలో అంటించినప్పుడు అందింది."

"తొమ్మిదో రోజా? డిస్పాచి రిజిస్టరు తెప్పించండి హేమలత గారూ."

హేమలత గారు చదివారు. "సదరు నోటీసు బత్తుల ఏసోబు గారికి అందినది. సాయంత్రం నాలుగు గంటల యాభై నిమిషాలు. నోటీసు తేదీకి ఒక రోజు ముందు సార్."

పరాంకుశం గారి ముఖం వికసించింది. "చూశావా? ఊళ్ళో అందరికన్నా ఒక రోజు ముందు నీకు అందింది. మిగతా భూయజమానుల గడువు ఈ రోజు అయిదింటికి ముగుస్తుంది. నీ గడువు నిన్న సాయంత్రమే ముగిసింది."

"అది డ్యూటీ మీద జిరాక్సు షాపు నుంచి తెచ్చినా సార్! అటెండరు వేరు, భూయజమాని వేరని మేడమే చెప్పినారు!"

"నోటీసు వాడుకునేటప్పుడు వేరు. అందుకునేటప్పుడు ఎలా వేరవుతారు? నీకెన్ని చేతులున్నాయి ఏసోబూ?"

ఏసోబు తన రెండు చేతులూ చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో గంజి ఎండిపోయి ఉంది.

"ఇంతకూ రాత్రిళ్ళు నోటీసు ఎక్కడ ఉంచేవాడివి? ఆడిట్ వాళ్ళు అడుగుతారు."

"మా వసారా గోడకు సార్. ముడతలు పడకుండా."

"వీధిలోకి కనిపిస్తుందా?"

"కనిపిస్తది సార్."

"అద్భుతం! పగలు ఏదో ఒక గోడ మీద, రాత్రి నీ గోడ మీద. పదిహేను రోజుల అవిచ్ఛిన్న ప్రదర్శన!" ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నిజంగానే ఆప్యాయంగా చూశారు. "నువ్వు ఫిర్యాదు చేయాల్సినవాడివి కాదయ్యా. ఈ పట్టణంలో నోటీసును అందరికన్నా ముందు అందుకున్నది నువ్వు. ఎక్కువసార్లు చూసింది నువ్వు. ఎక్కువకాలం ఇంట్లో పెట్టుకున్నది నువ్వు. నీకే తెలియలేదంటే ఇక ప్రభుత్వం ఎవరికి తెలియజేయగలదు?"

అభ్యంతరం గడువు మీరినది అని ఎర్రసిరాతో రాశారు. జతపరచిన నోటీసును విడదీసి ఫైలులో పెట్టించారు.

రెండు నెలలకు అవార్డు వచ్చింది. నాలుగు వందల పన్నెండు నోటీసులు, ఒక్క కాగితం, సున్న అభ్యంతరాలు. రాష్ట్రంలో ఇటువంటిది మునుపెన్నడూ లేదన్నారు. పురపాలక సంఘం హాల్లో సన్మానం జరిగింది. పదకొండు మంది ఉత్తమ ఉద్యోగులకు శాలువా కప్పారు. శాలువా ఒక్కటే. కప్పడం, ఫోటో తీయడం, తీసి పక్కవాడికి కప్పడం. ఏసోబు వంతు మూడోది. అతని భుజాల మీద అది మూడు నిమిషాలుంది. తీసేటప్పుడు అతనే తల వంచి సాయం చేశాడు, అతనికి అలవాటైన పనే.

ఆ వేదిక మీదే పరాంకుశం గారు తుది ఉత్తర్వుల గురించి ప్రకటించారు. "మిత్రులారా, ప్రతిపాదన దశలో పొదుపు పాటించాం. కానీ తుది ఉత్తర్వు విషయంలో రాజీ పడకూడదు. ప్రజలకు తెలియాలి. ప్రతి ఒక్కరికీ తెలియాలి!"

ఉత్తర్వులు నాలుగు వందల పన్నెండు ప్రతులు అచ్చయ్యాయి. దళసరి కాగితం, రంగుల ముద్ర, వానకు తడవకుండా పైన ప్లాస్టిక్ పొర. గంజి వద్దన్నారు. జిల్లా కేంద్రం నుంచి డబ్బాల్లో జిగురు తెప్పించారు, ఒకసారి అంటిస్తే కాయితం ఊడేలోగా గోడే ఊడుతుందట. హోర్డింగువాళ్ళు వాడే జిగురే అది.

చెంచిరెడ్డి షెడ్డుకు అంటించినప్పుడు పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని సిద్ధంగా నిలబడి ఉన్నాడు. మొత్తం చదివాడు. "ఈసారి తొందరేం లేదా ఏసోబూ?" అన్నాడు.

తన చేనుకు వెళ్ళేసరికి మార్తమ్మ గోంగూర కట్టలు కడుతోంది. మొగుడి చేతిలో డబ్బా చూసి లేచి నిలబడింది. షెడ్డు తలుపు మీద దుమ్ము కొంగుతో తనే తుడిచింది. ఏసోబు జిగురు పూశాడు, కాగితం పెట్టి అరచేత్తో మూలమూలకూ నొక్కాడు, ఇరవై ఆరేళ్ళ పనితనంతో ఒక్క బుడగ లేకుండా. ఫోటో తీశాడు.

మార్తమ్మ దగ్గరికెళ్ళి చదివింది. ఈసారి అనుబంధాలేవీ లేవు. ప్రతి ముక్కా తేటతెల్లంగా ఉంది. కమతం నంబరు, అరవై సెంట్లు, బత్తుల ఏసోబు అన్న పేరు, ఏడు రోజుల్లో పైరు తీసేయాలన్న ఆజ్ఞ.

"మీవోళ్ళకు తెలుగు వచ్చే గదయ్యా," అంది. "ఇంత చక్కగా రాయటం వచ్చే."

ఏసోబు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"నీ పేరున ఉంటే ఎవడూ వేలుపెట్టడనుకున్నా." ఆమె కళ్ళు తుడుచుకోలేదు, ఎర్రగా అతని వైపే చూసింది. "మూడు నిమిషాలైంది. పీకు."

"ఇది పీకేది కాదే."

"ఊరంతటికీ పీకినావుగా. నాకు ఈ ఒక్కటీ పీకు."

ఏసోబు డబ్బా కింద పెట్టాడు. తలుపు దగ్గరికెళ్ళి, కుడి మూలన, ఎప్పుడూ మొదలుపెట్టే చోటే, గోరు పెట్టి లాగాడు. రాలేదు. ఎడమ మూలన పెట్టాడు. బలమంతా పెట్టి లాగాడు.

గోరు విరిగింది. కాయితం అలాగే ఉంది.